కాగితపు క్రీడాకారులు

మదరాసు ఐ.ఐ.టి.వారు 2024వ సంవత్సరమున క్రీడాకారులకును, మఱుసటియేట సంగీతనాట్యాది కళలయందు నిపుణులకును తమ ద్వారమును కొంత తెఱచిరి. ప్రతి పాఠ్యశాఖయందును మామూలు స్థానములకు అదనముగ రెండేసి స్థానములు. అందొకటి బాలికలకే ప్రత్యేకము. జే.ఇ.ఇ. అడ్వాన్స్డు పరీక్షలో ర్యాంకుల పట్టిక కెక్కినవారే యిందుల కర్హులు గావున, చదువు రానివారికి ప్రసాదము పంచుచున్నారను నింద నిలువదు. గణితముతోపాటు గళమునకును, కాలిసత్తువకును విలువ గలదని దేశమున నగ్రగణ్యమైన విద్యాలయ మొప్పుకొనుట మంచిదే. "ఆటలాడువానికి ఇంజనీరింగేల?" యని గొణుగు పెద్దలు మన నంద్యాల పఠనమందిరములలో గూడ నున్నారు, వారితో మాకు పొత్తు లేదు.

మా తగవు వేఱు. ఆ ద్వారముకడకు పోవు బాట మన యూళ్లనుండి యున్నదా?

క్రీడలలో ప్రవేశము గోరువానికి గడచిన నాలుగేండ్లలో జాతీయ లేక అంతర్జాతీయ పోటీయందు ఒక పతకమైన నుండవలెనని నియమము. పతకమను ఫలము పదునెనిమిదవయేట కనబడును గాని దాని విత్తనము పదవయేట పడవలెను. అందులకు మైదానము కావలెను, శిక్షకుడు కావలెను, పరయూరి పోటీలకు రైలుచార్జీలు కావలెను. మన ప్రాంతమున ప్రతిభకు కఱవా? కనుమనాడు అహోబిలస్వామి పారువేటకు వెడలునపుడు చెంచులు పల్లకిమీదికి బాణములు వేయుదురు. నలుబదిదినములకు పైగా స్వామి ఆళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పదికి పైబడిన గ్రామములు తిరుగుచుండ, ఊరూర భజనలు, కోలాటములు. ఇదే యహోబిలమఠపు ఆదివన్ శఠగోపయతి అన్నమాచార్యునకు గురువని సంప్రదాయము. అట్టి గడ్డమీద చెక్కభజనలో తాళము తప్పని పిల్లవాని కెవరు పతక మిచ్చిరి? 2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో మన విజయవాడ యాడపడుచు జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. మన మందఱము గర్వించితిమి. ఆమె చేతి కాంపౌండు విల్లునకును, నల్లమల చెంచుబాలుని వెదురువిల్లునకును నడుమ లక్షల రూపాయల దూర మున్నది. ఆ దూరమును దాటింపవలసినవా రెవరు?

ఇక పట్టణపు బిడ్డల గతి వినుడు. పదియవతరగతి దాటగనే మృదంగ మటక యెక్కును, బూట్లు మూలబడును. ఇంటర్మీడియెటు కళాశాల యనగా నేమి? బజారున దుకాణములమీద మూడంతస్తులు. తెల్లవారుజామునుండి రాత్రి పదిగంటలదాక పాఠములు, పరీక్షలు. కాలు సాచుటకు జానెడు మైదానము లేదు. వ్యాయామోపాధ్యాయుని పేరు రిజిస్టరులో తప్ప కానరాని చోట్లు మన మెఱుగనివి గావు. ఇట్టి బందెలదొడ్లలో రెండేండ్లుంచి, పిదప "నీ క్రీడాపతక మేది?" యని యడుగుట యెంత వింత!

ఇందువలన పుట్టిన రోగమును నా కార్యాలయముననే చూచితిని. గతవేసవిలో ఒక తండ్రి తన కుమారుడు నాలుగువందల మీటర్ల పరుగులో గెలిచినట్లున్న పత్రమును దెచ్చి, నకలుమీద నోటరీ ముద్ర వేయుమనెను. "అబ్బాయి బాగుగ పరుగెత్తునా?" యని యడిగితిని. "వానికి పరిగెత్తేదానికి తీరికెక్కడుంది సార్, ఇంటర్ కదా!" అనెను. పత్ర మెక్కడిదన్నచో నవ్వి యూరకుండెను. ముద్ర వేయక పంపితిని. ఆయన దుర్మార్గుడు గాడు. పదిమంది కొనుచుండగా తన బిడ్డ యొక్కడే వెనుకబడునేమోయను భయము.

ఈ భయము బలిసిన నేమగునో అమెరికాను జూచి తెలిసికొనవచ్చును. 1922లో హార్వర్డు అధ్యక్షుడు లోవెలు యూదువిద్యార్థుల సంఖ్యకు మితి విధింప జూచెను. బాహాటముగ నది సాగలేదు; 1926నుండి శీలము, వ్యక్తిత్వము అనుపేర అదేపని చాటుగ సాగినది. కొలతలేని గుణమును కొలచువాడు తనవానికే మొగ్గునుగదా! 2019 మార్చిలో నచ్చట ఏబదిమందిపై నభియోగములు వచ్చెను. ధనికులును, సినీతారలును లంచములిచ్చి, తెడ్డు పట్టి యెఱుగని పిల్లలను పడవపందెముల వీరులుగ చూపించిరి. ఛాయాచిత్రములను సైతము కల్పించిరి. దాని నంతయు నడపిన దళారికి 2023లో మూడున్నరయేండ్ల చెఱ పడినది.

న్యాయస్థానమున మేము నేర్చుకొను మొదటి పాఠములలో నొకటి: వస్తు వెదుట నుండగా దానిని గూర్చిన కాగిత మేల? పరుగెత్తువానిని బాటమీద నిలిపి గడియారము పట్టుడు. పాడువానిని పదిమంది యెదుట పాడించుడు. నంద్యాల 2022 ఏప్రిలులో జిల్లాకేంద్ర మైనది. ఏటేట నిక్కడ బహిరంగముగ పరీక్ష జరిపి, ఎవడెంత కాలములో పరుగెత్తెనో, ఎవ రేమి పాడిరో, న్యాయనిర్ణేత లెవరో గోడకు అంటించిన నేమి నష్టము? చెక్కభజనకును, చెంచుల విలువిద్యకును ఆ పట్టికలో చోటుండవలెను. దానిని ఐ.ఐ.టి.వారు మన్నింతురో మన్నింపరో తరువాతిమాట. అడుగనిదే మన్నింప రనుట నిశ్చయము.

1910లో కోపల్లె హనుమంతరావుగారు బందరున జాతీయకళాశాల నెలకొల్పినపుడు చేతిపనులను, చిత్రకళను పాఠముల సరసనే కూర్చుండబెట్టిరి. దరఖాస్తునకు తళుకు దిద్దుటకు గాదు. నేడు మన కళాశాలలలో మైదానము లేనిదానికి అనుమతి యేల కొనసాగుచున్నదో ఇంటర్మీడియెటు బోర్డువారు చెప్పవలెను.

వారు చెప్పువఱకు మన మూరకుండ నక్కఱలేదు. వచ్చు జూనులో కళాశాలలు తెఱచునాటికి నంద్యాల, ఆళ్లగడ్డ పఠనమందిరముల సభ్యులు ఇద్దఱిద్దఱుగ బయలుదేఱి, దేనికి మైదానమున్నదో, దేనికి లేదో, సంగీతపు పీరియడు కాలపట్టికలో నున్నదో, గదిలో నున్నదో స్వయముగ చూచి వ్రాసి పంపుడు. ఆ పట్టికను ఈ పుటయందే ప్రకటింతుము.