బాండీలో మిగిలిన నూనె



కిందటి నెల గుండె జబ్బుతో చేరిన ఒకాయన మంచం పక్కన నిలబడి ఆయన భార్యకు పథ్యం చెబుతున్నాను. నలభై ఆరేళ్ళ మనిషి, బెజవాడలో ఆటో నడుపుకుంటాడు. “మా ఇంట్లో కొలెస్ట్రాల్ లేని నూనే వాడతామండీ సిస్టర్ గారూ, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది” అన్నదామె. “వేపగా మిగిలిన నూనె ఏం చేస్తావమ్మా?” అని అడిగాను. “పారేస్తామా అండీ! దాంట్లోనే కాస్త కొత్త నూనె పోసి మళ్ళీ వాడతాం” అన్నది.

ఆమెను మందలించడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్ళుగా రోగులకు పథ్యం చెబుతున్న నేను కూడా మా ఇంట్లో చాలాకాలం అదే పని చేశాను. మా అమ్మ చేసింది, నేనూ చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ ప్యాకెట్ సంగతి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలో ఉంటుంది. గుడ్డు పచ్చసొన, మాంసం, నెయ్యి అలాంటివి. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, పామాయిల్ – వీటిలో దేనిలోనూ లెక్కకు వచ్చేంత కొలెస్ట్రాల్ మొదటినుంచీ లేదు. కాబట్టి ఆ మాట అబద్ధం కాదు గాని, దాన్ని చూసి ధైర్యపడటానికి ఏమీ లేదు. మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారుచేస్తుంది. మనం తినే కొవ్వు ఏ రకమన్నదే దాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తుంది.

కొవ్వులో రకాలేమిటి? గ్లిజరాల్ అనే చిన్న పట్టీకి మూడు గొలుసులు వేలాడుతున్నట్టు ఊహించుకోండి. అదే కొవ్వు. ఆ గొలుసులు కార్బన్ పరమాణువులతో కట్టినవి. ప్రతి కార్బన్ పట్టుకోగలిగినంత హైడ్రోజన్ పట్టుకొని ఉంటే గొలుసు తిన్నగా ఉంటుంది. దీన్ని సంతృప్త కొవ్వు అంటారు. తిన్నని కట్టెలు మోపు కడితే ఎలా బిగుస్తాయో, ఇవీ అలా దగ్గరగా సర్దుకుంటాయి. అందుకే నెయ్యి చలికి గడ్డకడుతుంది. కొన్నిచోట్ల హైడ్రోజన్ తక్కువైతే అక్కడ గొలుసు వంపు తిరుగుతుంది. వంకర కొమ్మలు మోపుకు సర్దుకోవు కదా! అందుకే వేరుశనగ నూనె, పప్పునూనె, మన డెల్టా రైసుమిల్లుల తవుడు నుంచి తీసే నూనె పల్చగా ఉంటాయి. ఇవి అసంతృప్త కొవ్వులు. నెయ్యి, డాల్డాల స్థానంలో వీటిని వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. పామాయిల్‌లో రెండు రకాలూ ఇంచుమించు సగం సగం.

పల్చని నూనెకు నికెల్ లోహం సాయంతో హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచినదే వనస్పతి. మనదేశంలో డాల్డా 1937లో వచ్చింది. పేదవాడి నెయ్యి అని సంతోషించాం. అయితే ఆ పద్ధతిలో కొన్ని వంపులు తిరగబడి, గొలుసు తిన్నగా అయిపోతుంది. అదే ట్రాన్స్ కొవ్వు. ఇది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. అందుకే మన ప్రభుత్వం నూనెల్లోను, వనస్పతిలోను ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు పాళ్ళు మించకూడదని 2022 జనవరి నుంచి నియమం పెట్టింది.

ఇక మన బాండీ దగ్గరకు వద్దాం. ఆ వంపులున్నచోటే నూనె బలహీనం. వేడి, గాలి, పిండిలోని తడి కలిసి అక్కడే దెబ్బతీస్తాయి. కాచినకొద్దీ నూనె నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురుగు కడుతుంది, త్వరగా పొగ వస్తుంది. లోపల రక్తనాళాలకు హాని చేసే పదార్థాలు పెరుగుతాయి, కొంత ట్రాన్స్ కొవ్వు కూడా పుడుతుంది. వంపులు ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు నూనె ఈ విషయంలో మరీ సున్నితం. గుండెకు మంచిదని కొన్న నూనెనే నాలుగుసార్లు కాచి చెడగొట్టుకుంటున్నామన్నమాట. ఇలా పాడైన పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018 జూలై నుంచి చట్టమే ఉంది. మన వంటింట్లో కొలిచే యంత్రం లేదు. కళ్ళూ ముక్కే మన యంత్రం.

“ఏ నూనె మంచిది సిస్టర్?” అని అందరూ అడుగుతారు. ఎంత పోశారు, ఎన్నిసార్లు కాచారు అన్నదే అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం, రోజుకు రెండువేల కాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. అంటే ఐదారు చిన్న చెంచాలు. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంటి సరుకుల చీటీ ఒకసారి చూసుకోండి.

“నూనె ధర తెలిసే చెబుతున్నారా?” అంటారు. తెలుసు. నూనె పారబోయడం నాకూ ప్రాణం ఒప్పదు. అందుకే మిగలకుండా పోయమంటున్నాను. వెడల్పు బాండీ మాని చిన్న లోతు మూకుడు పెట్టండి, తక్కువ నూనెలో విడతలుగా వేపండి. మిగిలిన కాస్తా వడగట్టి, ఒకటి రెండు రోజుల్లోనే కూరకో పోపుకో వాడేయండి. మళ్ళీ వేపుడుకు పెట్టకండి, కొత్త నూనెలో కలపకండి. అలాగని రోగులు నూనె పూర్తిగా మానవద్దు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు కావాలి.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి ఒక మనవి. క్రిస్మస్ ప్రేమ విందులో గారెలు వేసిన నూనెను మర్నాటి వంటకు దాచవద్దు. బజ్జీల బండికి ఇవ్వవద్దు, అది తిరిగి మన పిల్లల పొట్టలోకే వస్తుంది. కాలువలో పోయవద్దు. వాడిన నూనెతో బయోడీజిల్ చేసేవారు ఉన్నారు. వారు తీసుకుంటే మంచిదే, లేకపోతే ఊకలోనో ఇసుకలోనో ఇంకించి చెత్తలో వేయండి.

సారెపతు విధవరాలి బుడ్డిలో నూనె తరగలేదు. అది దేవుని కృప. మన బాండీలో నూనె తరగకుండా చూసుకోవడం మాత్రం కృప కాదు, అలవాటు. ఆ ఆటో నడిపే సోదరుడు కోలుకొని ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేముందు ఆయన భార్య, “చిన్న మూకుడు కొంటానండీ సిస్టర్ గారూ” అన్నది. మందుల చీటీతో పాటు ఆ మాట కూడా ఆ ఇంటికి చేరిందని సంతోషించాను. ఈ క్రిస్మస్‌కు మీ ఇంటికీ చేరాలని నా ప్రార్థన.