కాగితం ఉంది, చదివే కన్నేదీ?

హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి దక్కన్ పాలనా పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. ఏ సిపాయి ముఖాన ఏ మచ్చ ఉంది, అతని గుర్రానికి ఏ ముద్ర వేశారు, ఏ జాగీరు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది అన్న వివరాలన్నీ వాటిలో రాసిపెట్టి ఉన్నాయి. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. సికింద్రాబాద్ నుంచి రెండింటికీ సిటీ బస్సులో పోవచ్చు. ఇంత దగ్గరగా ఉన్నా ఆ పత్రాలకూ ఊరి జనానికీ మధ్య దారి మూసుకుపోతోంది. దాన్ని తెరిచి ఉంచగలిగింది విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ. ఆ శాఖ వాకిలి తెరిచి జనాన్ని పిలవకపోతే రేపు ఆ పత్రాలు ఉన్నా లేనట్టే.

మొగలుల నాటి ఆ పత్రాలు పారశీకంలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం షికస్తా అనే గొలుసుకట్టు రాత. రాసేవాడు తొందరలో చుక్కలు వదిలేస్తాడు, అక్షరాన్ని అక్షరంలోకి ఈడ్చేస్తాడు. పదం నడుమ వచ్చినప్పుడు బే, పే, తే, నూన్, యే అన్న అయిదు అక్షరాలకూ ఉండేది ఒకే చిన్న పంటి ఆకారం. ఏది ఏదో చెప్పేది చుక్కలే. అవి లేనప్పుడు సందర్భాన్ని పట్టుకుని చదవాలి. ఈ చదువు పుస్తకంతో రాదు. తెలిసినవారి పక్కన నెలల తరబడి కూర్చుంటేనే వస్తుంది. అలా కూర్చోబెట్టి నేర్పే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వారి దగ్గర నేర్చుకునే కుర్రవాళ్లు అంతకన్నా తక్కువ.

డిజిటలీకరణ జరుగుతోంది కదా అని ఊరట పడేవారున్నారు. ఇరాన్‌కు చెందిన నూర్ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఆర్కైవ్స్‌కు 2022లో ఒప్పందం కుదిరింది. అది మంచి పనే. అయితే కెమెరా కాగితాన్ని కాపాడుతుంది గానీ చదివిపెట్టదు. చదివేవారు లేని చోట ఫొటో కూడా మూసిన పుస్తకమే.

ఇది పండితుల గొడవ అనుకుంటే పొరపాటు. నిజాం రాజ్యంలో పందొమ్మిదో శతాబ్దం చివర పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. అందుకే తెలంగాణ పల్లెల పాత భూమి కాగితాలు, తొలి సర్వే రికార్డైన సేత్వార్ మొదలు ఇనాం భూముల పత్రమైన మున్తఖబ్ దాకా, ఉర్దూలోనే ఉంటాయి. తేదీలు ఫస్లీ అనే రెవెన్యూ సంవత్సరాల్లో ఉంటాయి. కాగితం మీద 1357 అని కనబడితే అది కాకతీయుల పతనం తర్వాతి కాలం కాదు. 590 కలపాలి. అప్పుడు 1947 వస్తుంది, అంటే 1947-48, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కాలం. ఈ చిన్న లెక్క తెలియక, తాత కాగితాన్ని చేతిలో పట్టుకుని, ఎదుటివాడు ఏది చదివి చెబితే అదే నిజమని నమ్మాల్సి వస్తున్న కుటుంబాలు ఈ నగరం చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఎకరం ధర కోట్లు పలుకుతున్న చోట చదవలేకపోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

రాతి మీది రాతకూ ఇదే గతి. సికింద్రాబాద్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న కీసరగుట్ట మీద ఒక బండపై ‘తొలచువాండ్రు’ అన్న మాట చెక్కి ఉంది. రాయి తొలిచే పనివాళ్లని అర్థం. సుమారు అయిదో శతాబ్దపు లిపి అది. రాజు పేరూ దేవుడి పేరూ కాక, శ్రమజీవుల పేరుతో మన కంటబడిన తొలినాటి తెలుగు మాటల్లో అదొకటి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన కంద పద్యాలు కూడా, ఎవరో ఓపికగా చదివిపెట్టినందుకే, 2008లో తెలుగుకు ప్రాచీన హోదా రావడానికి ఆధారమయ్యాయి. శాసనం నకలు తీయడం బ్రహ్మవిద్యేం కాదు. బండను శుభ్రంగా కడిగి, తడి కాగితం పరచి, బ్రష్‌తో గట్టిగా కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. సిరా మెత్తతో పైన అద్దుకుంటూ పోతే కాగితం నల్లబడి, అక్షరం తెల్లగా నిలుస్తుంది. ఒక పూటలో బడిపిల్లలకు సైతం నేర్పవచ్చు. అలా నేర్చుకున్న పిల్ల ఉన్న ఊళ్లో శాసనపు బండ కంకర మిల్లుకు పోదు.

చదివేవారు లేనిచోట అరిచేవారిదే చరిత్ర అవుతుంది. హైదరాబాద్ రాజ్యం 1948లో భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 సంగతే చూడండి. 2022లో కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో దాన్ని విమోచన దినంగా జరిపింది. అదే రోజున రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. ఏ పేరు సరైనదో తేల్చడం ఈ సంపాదకీయం పని కాదు. కానీ 1948లో ఏం జరిగిందో చెప్పే ఫర్మానాలు, సైనిక నివేదికలు, కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక, పల్లెల్లో మిగిలిన ముసలివాళ్ల జ్ఞాపకాలు ఒకే బల్ల మీద పెట్టి, ఒకరితో ఒకరు ఏకీభవించని మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టే చోటు ఈ జంట నగరాల్లో ఎక్కడుంది? ఆ చోటు విశ్వవిద్యాలయమే కావాలి. అది ఖాళీగా ఉంటే వాట్సాప్ దాన్ని ఆక్రమిస్తుంది. ఇప్పటికే చాలావరకు ఆక్రమించింది.

బహిరంగ ప్రసంగం ఈ ఊరికి కొత్త కాదు. చికాగో సభకు ఏడు నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న, వివేకానందుడు సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్తున్నదీ జనానికి చెప్పాడు. అనుమతి లేనిదే సభ జరపరాదన్న గస్తీ నిషాన్ 53 నిజాం రాజ్యాన్ని బిగించి పట్టిన రోజుల్లోనే, బడిపంతులు ఆదిరాజు వీరభద్రరావు వంటివారు కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పరిశోధక మండలి నడిపారు. ఊరూరా శాసనాలు సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేశారు. ఆ పనికి వారికి జీతాలు లేవు, గ్రాంట్లు లేవు.

నేడు సదస్సులు జరగడం లేదని ఎవరూ అనరు. తెలిసినవారు తెలిసినవారికి ఇంగ్లిషులో పత్రాలు చదివి, ధ్రువపత్రాలు పంచుకుని వెళ్లిపోయే సదస్సులకు కొదవ లేదు. ఇంగ్లండులో 1967 నుంచి రస్కిన్ కళాశాలలో రాఫెల్ శామ్యూల్ నడిపిన హిస్టరీ వర్క్‌షాప్ కార్మికులను పిలిచి, వారి చరిత్రను వారిచేతే రాయించింది. మనకు కావలసిందీ ఆ తరహా పనే.

చేయవలసినవి కొన్నే. నెలకొక ఆదివారం తెలుగులో బహిరంగ ప్రసంగం పెట్టాలి. అది క్యాంపస్‌లోనే కాక సికింద్రాబాద్ గ్రంథాలయాల్లో, కాలేజీల్లో కూడా జరగాలి. ఏటా షికస్తా, పాత ఉర్దూ, మరాఠీ మోడి, పాత తెలుగు లిపులపై కార్యశాల నడపాలి. జనం తమ ఇంటి కాగితం తెచ్చుకుని చదివించుకునే రోజొకటి ఉండాలి. ఏళ్లుగా ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులను ప్రభుత్వం భర్తీ చేయాలి. వచ్చే వక్త ఏ పార్టీకి నచ్చుతాడో, ఎవరికి నచ్చడో అని హాలుకు తాళం బిగించే అలవాటు పోవాలి.

పాఠకులకూ ఒక మాట. ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ఉన్న పాత కాగితాన్ని తూకానికి వేయకండి. చదవడం రాకపోయినా దాచి ఉంచండి. చదివిపెట్టే బాధ్యత విశ్వవిద్యాలయానిది. బడిపంతుళ్లు జీతం లేకుండా, నిర్బంధంలో చేసి చూపిన పనికి, స్వేచ్ఛ ఉన్న కాలంలో సాకు చెల్లదు. తొలి కార్యశాల తేదీని ఈ విద్యా సంవత్సరంలోనే ప్రకటించాలి.