తొట్టెకు తగ్గ చేప

చేపల దుకాణం ముందు నిలబడ్డ పిల్లవాడి చూపు మొట్టమొదట బంగారు చేప మీదనే పడుతుంది. వాడి మాట తీసివేయలేక తండ్రి ఒక గాజుబుడ్డీ, రెండు చేపలూ కొని తెస్తాడు. పదిహేను రోజులు తిరక్కుండానే ఒకటి వెల్లకిలా తేలుతుంది. పిల్లవాడు అన్నం మానేసి కూర్చుంటాడు. "మనింట చేపలు అచ్చిరావు" అంటూ ఇల్లాలు బుడ్డీని అటక ఎక్కిస్తుంది. అచ్చిరాకేమీ లేదు సుమండీ! ఆ బుడ్డీకి ఆ చేప తగదు, అంతే.

బంగారు చేప మన బొచ్చెకూ, శీలావతికీ చుట్టం. కొన్ననాడు రెండంగుళాలే ఉంటుంది గాని, సరిగా పెరిగితే జానెడు దాటుతుంది. పదేళ్ళకు పైగా బతుకుతుంది. తొట్టె ఎంతో చేప అంతే పెరుగుతుందని చాలామంది నమ్మకం. అలా పెరగనిది గిడసబారి, రోగాన పడి పోతుంది. పైగా అది చల్లని నీటి ప్రాణి. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. ఇక మన రోహిణీకార్తెలో బుడ్డీలోని చేప గతి చెప్పాలా?

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలన్నారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెలో సుమారు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. చిన్న ఇంటికి అది చాలు. దానికి తగినవి మూడు రకాలు చెబుతాను.

మొదటిది జీబ్రా చేప. ఒంటిమీద నీలిచారలతో అంగుళంన్నర ఉంటుంది. ఇది మన దేశపు బిడ్డే. గంగానది చేపలను గురించి హామిల్టన్ 1822లో అచ్చువేసిన గ్రంథంలో దీని వర్ణన ఉంది. ఒంటరిగా ఉండలేదు, ఆరింటిని కలిపి తేవాలి. ఎగిరి దూకుతుంది గనుక తొట్టెకు మూత తప్పదు.

రెండవది గప్పీ. పప్పు ఉడకని బోరునీళ్ళు కూడా దీనికి ఇష్టమే. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అదీ ఇంచుమించు నెలకొకసారి! ఒకసారి జతకట్టిన ఆడచేప, మగతోడు లేకుండానే ఆ తరవాత కొన్ని నెలలపాటు కంటూ ఉంటుంది. అంచేత సంసారం పెరగకూడదనుకునేవారు మగవాటినే తెచ్చుకోవాలి. రంగులూ వాటికే ఎక్కువ.

మూడవది ఫైటర్ చేప. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి పదిహేను ఇరవై లీటర్ల తొట్టె చాలు. కాని రెండు మగచేపలను కలిపితే కురుక్షేత్రమే. గప్పీ తోకను చూసినా పగవాడనుకుంటుంది. దాన్ని ఒంటరిగా ఉంచడమే మేలు.

కొళాయినీళ్ళను వెడల్పు పాత్రలో ఒక రోజు ఉంచి, క్లోరిన్ పోయాక వాడండి. చేపలన్నిటినీ ఒక్కనాడే తేకండి. చేపల మలినం అమ్మోనియా అవుతుంది, అది విషం. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు తొట్టెలో కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. ముందు రెండు మూడు చేపలు తెచ్చి, మేత చిటికెడే వేసి, వారానికొకసారి నాలుగోవంతు నీరు మార్చండి. నీళ్ళన్నీ ఒంపి, తొట్టెను తళతళలాడేట్టు తోమారంటే ఆ సూక్ష్మజీవులన్నీ పోయి కథ మొదటికి వస్తుంది.

చేపలు ఎక్కువైనా, మోజు తీరినా ఊరి చెరువులో మాత్రం వదలకండి. పరాయి చేపలు అక్కడి చిరుచేపల నోటి కూడు లాక్కుంటాయి.

ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు ధర అడగడానికి ముందు, "ఇది పెద్దదైతే ఎంతవుతుంది?" అని అడగండి. ఆ జవాబు విన్నాక పిల్లవాడికి నచ్చిన రంగును చూడవచ్చు.