పుట్టిల్లు సముద్రానికవతల – బాలింతకు పక్కిల్లే పుట్టిల్లు కావాలి!

జంగ్లీఘాట్, హడ్డో వాడల అమ్మలారా, అక్కచెల్లెళ్లారా! వేటకెళ్లే అన్నదమ్ములారా!

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఈ అండమాన్ దీవుల్లో స్థిరపడినవాళ్లం. 2011 జనాభా లెక్కల్లోనే ఇక్కడి తెలుగువాళ్లం దాదాపు 50 వేలమంది. ఊళ్లో అయితే తొలి కాన్పు పుట్టింట్లోనే. అమ్మ నీళ్లు పోస్తుంది, పథ్యం వండిపెడుతుంది. రాత్రి బిడ్డ ఏడిస్తే పిన్నో వదినో ఎత్తుకుంటుంది. ఇక్కడ ఆ అమ్మ రెండు మూడు రోజుల ఓడ ప్రయాణమంత దూరంలో ఉంది. భర్త వేటలో ఉన్నాడు. గదిలో మిగిలింది బాలింత, పసిగుడ్డు.

కాన్పయిన మూడో నాలుగో రోజున కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉన్నదే. రెండు వారాల్లో పోతుంది. పోకపోతే అది బడలిక కాదు, జబ్బు. బిడ్డ పడుకున్నా తల్లికి కునుకు పట్టదు. అన్నం సహించదు. బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదని లోలోపల కుమిలిపోతుంది. మన దేశంలో ఇంచుమించు ఐదుగురు బాలింతల్లో ఒకరికి ఈ కుంగుబాటు వస్తోందని పరిశోధకుల అంచనా. సోమరితనమనీ, నాటకమనీ అనకండి.

ఇంకా తీవ్రమైన మానసిక జబ్బు వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే ముంచుకొస్తుంది. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది, బిడ్డ తనది కాదంటుంది, రాత్రంతా తిరుగుతుంది. మనం గాలి సోకిందంటాం, తాయెత్తు కడతాం. దేవుడికి మొక్కుకోండి, ఎవరూ కాదనరు. కానీ ఆ రోజే శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ జీబీ పంత్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊరికి పంపితే సర్దుకుంటుందని మాత్రం ఓడ ఎక్కించకండి. మతి స్థిమితం లేని పచ్చి బాలింతకు నడిసముద్రంలో రాత్రులు ప్రాణాపాయం. తేరుకున్నాక పంపుదాం.

మందులు వాడితే చనుబాలు విషమవుతాయని భయపెట్టకండి. పాలిచ్చే తల్లికి సరిపడే మందులున్నాయి, డాక్టరే చూసి ఇస్తారు. ఆసుపత్రిలో చేర్చితే బిడ్డను లాక్కుంటారన్న భయమూ వద్దు. మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. తల్లి జబ్బు వల్ల బిడ్డకు ముప్పుంటేనే కొన్నాళ్లు వేరుగా ఉంచుతారు.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డ బరువు మాత్రమే చూసి వెళ్లనివ్వకండి. తల్లి నిద్ర, తిండి, ఏడుపు గురించీ చెప్పండి.

వాడలో ఆడవాళ్లం వంతులు వేసుకుందాం. ఒకరు నీళ్లు పోస్తే, ఒకరు కూర పంపాలి, ఒకరు రాత్రి బిడ్డను చూసుకోవాలి. బాలింత నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోవాలి. మళ్లీ ఆడపిల్లేనా అన్న మాట ఆ గడప దగ్గర ఎవరి నోటా రాకూడదు. అన్నదమ్ములారా, కాన్పయ్యాక నెలన్నర పాటు దూరం వేట మానుకోండి.

చచ్చిపోవాలనుందనో, బిడ్డనేమైనా చేస్తానేమోననో ఆమె అంటే తిట్టకండి. నిజం చెప్పిందని దగ్గరకు తీసుకోండి. ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సాయం అందించే 14416 టెలీమానస్‌కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ వరసలో బాలింత ఉన్న ఇల్లు ఏదో మీకు తెలుసు. ఈ సాయంత్రమే ఆ తలుపు తట్టండి.

ఇట్లు
మీ తోటి తెలుగు తల్లులు