సర్కారు సొమ్ము, ప్రైవేటు గుట్టు

కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు సంఘాల్లో లెక్క చెప్పకుండా ఏ లీడరూ తప్పించుకోలేదు. పొదుపు ఎంత, అప్పు ఎవరికి, కంతు ఎవరు కట్టలేదు అన్నది పైకి చదివాకే తీర్మానాల పుస్తకంలో సంతకాలు పడతాయి. ఆ క్రమశిక్షణతో ఎదిగిన మండల మహిళా సమాఖ్యే బాలభారతి బడిని నడుపుతోంది. కానీ అదే మండలంలోని ఒక తల్లి ప్రైవేటు బడికి వెళ్లి, ‘మా పాప పేరున ప్రభుత్వం ఎంత కట్టింది? మీరేం చేశారు?’ అని అడిగితే జవాబు చెప్పే వేదికే లేదు.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకివ్వాలి, ఫీజు ప్రభుత్వానిది. 2009 నాటి చట్టంలోని ఈ నిబంధన మన ఆంధ్రప్రదేశ్‌లో 2022-23కి గానీ కదల్లేదు. ఆలస్యమైనా మంచిదే. కానీ అదే చట్టంలోని 21వ సెక్షన్, అన్‌ఎయిడెడ్ బడులకు తల్లిదండ్రుల కమిటీ అక్కర్లేదంది. సర్కారు బడిలో కుళ్లిన గుడ్డు పెడితే కమిటీ నిలదీస్తుంది. ఇక్కడ నిలదీసేదెవరు?

ఈ చిక్కు మనదొక్కటే కాదు. సర్కారు డబ్బుతో ఇతర సంస్థలు నడిపే బడులను అమెరికాలో చార్టర్ స్కూళ్లంటారు. 1991లో మిన్నెసోటా చట్టంతో మొదలయ్యాయి. ఫలితం చూపకపోతే అనుమతి పోతుందన్నది షరతు. అంత షరతున్నా ఒహాయోలో ఈకాట్ అనే ఆన్‌లైన్ బడి, డబ్బు తీసుకున్నంత మేరకు పిల్లలు చదివినట్టు ఆధారాలు చూపలేకపోయింది. దాదాపు 8 కోట్ల డాలర్లు తిరిగి కట్టమన్నారు. 2018 జనవరిలో, విద్యా సంవత్సరం నడుమ బడి మూతపడి వేల మంది పిల్లలు వీధిన పడ్డారు. షరతే లేని మన సంగతేమిటి?

మన దగ్గర ఈ సీట్లకు ప్రభుత్వమిచ్చే ఫీజులు చాలవని, సకాలంలో రావని యాజమాన్యాలు మొత్తుకుంటున్నాయి. ఆ గోడు న్యాయమే. ముందు బకాయిలు తీర్చండి, తర్వాత గట్టిగా లెక్క అడగండి. అంతేగానీ 2021లో రాష్ట్ర ప్రభుత్వం తన సాయంతో నడిచే ఎయిడెడ్ బడుల విషయంలో చేసినట్టు, సిబ్బందిని తనకు అప్పగించమంటూ బంధమే తెంపుకోబోవడం జవాబుదారీతనం కాదు. ఆ గొడవలో నలిగింది పిల్లలే.

ఉపాధి హామీలో మస్టరు తేడా వస్తే సామాజిక తనిఖీ ప్రజావేదికలో సిబ్బందిని కూలీల ముందే నిలబెడుతున్నాం. రోజు కూలికి ఉన్న తనిఖీ పిల్లల ఫీజుకు ఎందుకుండదు? 21వ సెక్షన్ మార్చడం పార్లమెంటు పని కావొచ్చు. ఫీజు చెల్లింపుకు షరతు పెట్టడం రాష్ట్రం చేతిలోనిదే. సీటు పొందిన పిల్లల తల్లిదండ్రులతో కమిటీ, అందిన సొమ్మును తెలిపే బోర్డు, ఏటా సామాజిక తనిఖీ ఉంటేనే ఫీజు విడుదల చేస్తామని వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌లోనే ప్రభుత్వం ప్రకటించాలి.