వసంతకాలపు అడవిబాట – పది రోజుల ప్రణాళిక

పిల్లల పరీక్షలు ముగిసే ఈ మార్చి చివరి రోజులలో ఎక్కడికైనా వెళ్లివద్దామనే ఆలోచన మన కాలనీలలో ప్రతి ఇంటా కలుగుతుంది. పుణ్యక్షేత్రాలు, వేసవి విడుదులు మనందరికీ పరిచితమే. ఈ మాసం మరొక మార్గాన్ని సూచించదలిచాము. హైదరాబాదు నుండి సొంత కారులో బయలుదేరి, మధ్యభారతంలోని పెంచ్, కన్హా, తాడోబా జాతీయ ఉద్యానవనాలను దర్శించి, నడుమ కొన్ని రాత్రులు గుడారంలో గడిపి, పది రోజులలో ఇల్లు చేరే మార్గమిది.

వసంతంలోనే ఎందుకని కొందరు అడగవచ్చు. ఈ ఋతువులో టేకుచెట్లు ఆకులు రాల్చి ఉంటాయి గనుక అడవిలో చూపు దూరం సాగుతుంది. సెలయేళ్లు ఎండి, మిగిలిన నీటిమడుగుల వద్దకే జంతువులు చేరుతాయి. మోదుగ, బూరుగ ఎర్రగా పూస్తాయి. తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. ఇంత చూడగలగడానికి కారణం అడవి ఎండి ఉండడమే. అడవికి ఈ కాలంలో అగ్నిభయం కలిగేదీ అందువల్లనే. కాబట్టి యాత్రా ప్రణాళికలో ఈ విషయాన్ని మొదటి నుండి చివరి వరకు మనసులో ఉంచుకోవాలి.

మన కర్మాగారంలో వార్షిక షట్‌డౌనుకు ప్రణాళిక వేసేటప్పుడు ముందుగా ఆలోచించేది ఏ పని ఆలస్యమైతే మిగిలినవన్నీ ఆగిపోతాయోనని. ఈ యాత్రలో అటువంటి పని ప్రవేశానుమతి. కేంద్రభాగంలోకి సొంత వాహనాలను అనుమతించరు. వనశాఖ వద్ద నమోదైన జిప్సీలో, గైడు వెంట రాగా వెళ్లాలి. ప్రతి ద్వారానికి వాహనాల సంఖ్య పరిమితం. కనుక రెండు మూడు నెలల ముందే రిజర్వేషను చేసుకొని, ఆ తేదీలను బట్టి సెలవు పెట్టుకోవడం మంచిది. రిజర్వేషనులో వ్రాసిన గుర్తింపు కార్డునే వెంట తీసుకువెళ్లాలి. నకలు పనికిరాదు.

వారాల లెక్క కూడా ముఖ్యమే. మధ్యప్రదేశ్‌లోని పెంచ్, కన్హాలలో బుధవారం మధ్యాహ్నం సందర్శన ఉండదు. మహారాష్ట్రలోని తాడోబాకు మంగళవారం సెలవు. హోళీ నాటి సంగతి ముందే విచారించుకోవాలి. ఇవన్నీ గమనించి మేము వేసుకున్న పట్టిక ఇది:

శనివారం – హైదరాబాదు నుండి నాగపూర్, సుమారు 500 కి.మీ.
ఆదివారం – నాగపూర్ నుండి పెంచ్ తురియా ద్వారం, సుమారు 90 కి.మీ. గుడారంలో బస.
సోమవారం – ఉదయం పెంచ్ సందర్శన. మధ్యాహ్నం విశ్రాంతి.
మంగళవారం – శివనీ మీదుగా కన్హా, సుమారు 200 కి.మీ.
బుధ, గురువారాలు – రెండు ఉదయాలు కన్హా సందర్శన.
శుక్రవారం – తిరిగి నాగపూర్.
శనివారం – నాగపూర్ నుండి తాడోబా, సుమారు 140 కి.మీ.
ఆదివారం – ఉదయం తాడోబా సందర్శన. రాత్రి చంద్రపూర్‌లో బస.
సోమవారం – ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా హైదరాబాదు, సుమారు 400 కి.మీ.

ఈ విధంగా ఆరు రోజుల సెలవుతో యాత్ర పూర్తవుతుంది. ఎల్.టి.సి. వినియోగించుకోదలచినవారు సొంత వాహనం విషయంలో నిబంధనలను మన కార్యాలయంలో ముందుగా తెలుసుకోవాలి.

పట్టికలో మొదటి రోజు, చివరి రోజు తప్ప మిగిలినవన్నీ చిన్న ప్రయాణాలే. ఇంజనీర్లమైన మనకు ఫాక్టర్ ఆఫ్ సేఫ్టీ కొత్తది కాదు. 200 కిలోమీటర్లకు ఐదు గంటలు చాలునని తోచినా ఏడు గంటలు కేటాయించుకోవాలి. అడవి అంచు గ్రామాల గుండా వెళ్లే దారులలో పశువులు ఎదురవుతాయి, టైరు పంక్చరు కావచ్చు. సాయంత్రం నాలుగున్నరకల్లా బస చేరాలనే నియమాన్ని మేము ఎన్నడూ సడలించము. చీకటి పడిన తరువాత ఆ దారులు వన్యప్రాణులవి.

నాగపూర్ దాటాక పెంచ్‌కు చేరే ముందు ఒక నిర్మాణాన్ని మన పాఠకులు తప్పక గమనించాలి. పూర్వం 7వ నంబరుగా ఉండి ఇప్పుడు 44వ నంబరుగా పిలువబడే జాతీయ రహదారి ఇక్కడ పులుల రాకపోకల మార్గాన్ని ఖండిస్తూ పోతుంది. రహదారిని వెడల్పు చేసినప్పుడు, జంతువులు క్రింద నుండి దాటేందుకు వంతెనల వంటి తొమ్మిది మార్గాలు నిర్మించారు. వీటిలో చిన్నది 50 మీటర్లు, పెద్దది 750 మీటర్లు. పులులు, రేచుకుక్కలు, చుక్కలదుప్పులు వీటి క్రింద నడిచి వెళ్లడం కెమెరాలలో నమోదైంది. పైన లారీలు, క్రింద పులులు – రెండింటికీ దారి చూపిన ఈ కట్టడం మన వృత్తికి గౌరవం తెచ్చినది.

పెంచ్ పరిసరాలలోని శివనీ కొండలే రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ప్రచురించిన ‘జంగిల్ బుక్’ కథలకు రంగస్థలం. పిల్లలకు ఈ సంగతి ముందే చెబితే ఉత్సాహం రెట్టింపవుతుంది.

కన్హా 1955లో జాతీయ ఉద్యానవనమైంది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమైనప్పుడు ఎంపికైన తొలి తొమ్మిది అభయారణ్యాలలో ఇదొకటి. పెంచ్‌లో టేకులు మోడువారి ఉంటే ఇక్కడ సాలవృక్షాలు లేత చిగుళ్లతో పచ్చగా కనిపిస్తాయి. అందరూ పులి కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తారు గాని, కన్హా చూపవలసిన అసలు అద్భుతం బారసింగా దుప్పి. గట్టినేలపై జీవించే ఈ ఉపజాతి 1970లో కేవలం 66కు తగ్గిపోయింది. కంచెల నడుమ సంరక్షించి, గడ్డిమైదానాలను కాపాడి, దానిని వందల సంఖ్యకు తెచ్చారు. ఆ మైదానాలలో కొన్ని, ఒకప్పుడు ఊళ్లు ఉండి ఖాళీ చేయబడిన చోట్లు. ఈ సంరక్షణ కోసం కొందరు తమ ఇల్లూ పొలమూ విడిచి వెళ్లారని పిల్లలకు చెప్పడం మన ధర్మం.

ఇక గుడారం విషయం. ఉద్యానవనం కేంద్రభాగంలో స్వంతంగా గుడారం వేయడం నిషిద్ధం. వెలుపల అనుమతి గల స్థలంలోనే వేసుకోవాలి. అక్కడ కూడా నీటిమడుగు, వాగు ఒడ్డు పనికిరావు. అవి జంతువుల దారులు. ఇప్పచెట్టు క్రింద అసలే వద్దు. రాలిన పూలకోసం తెల్లవారకముందే ఎలుగుబంట్లు వస్తాయి. ఆహారపదార్థాలను గుడారంలో గాక కారులో భద్రపరచాలి. బూట్లు దులిపి తొడగాలి. గుడారం జిప్పు ఎల్లప్పుడూ మూసి ఉంచాలి. మంచినీరు మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున, నలుగురికి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి. తెల్లవారుజామున జిప్సీలో చలి వేస్తుంది, మధ్యాహ్నం ఎండ మండుతుంది. కనుక స్వెట్టరు, టోపీ రెండూ అవసరమే.

గుడారమంటే చలిమంట అనే భావన సినిమాలవల్ల మనలో స్థిరపడింది. ఈ ఋతువులో దానిని మానుకోవాలని ఈ శీర్షిక ద్వారా మనవి చేస్తున్నాము. ఫిబ్రవరి మధ్య నుండి జూన్ మధ్య వరకు అడవికి అగ్నికాలం. నేలంతా ఎండుటాకు పరచుకొని ఉంటుంది. ఇప్పపూలు ఏరుకునే వీలు కోసం చెట్టుక్రింద ఆకు కాల్చినప్పుడు కూడా నిప్పు ప్రాకిన సందర్భాలు ఉన్నాయి. అది ఆ గ్రామీణుల జీవనోపాధి. మన చలిమంట కేవలం వినోదం. నిప్పు లేచిందంటే పెద్ద జంతువులు పరుగెత్తి తప్పించుకుంటాయి. నేలమీద గూడు కట్టే పక్షుల గుడ్లు, ఆ ఏడు మొలిచిన మొక్కలు మాడిపోతాయి. వాటిని ఆర్పడానికి పచ్చికొమ్మలు చేతబట్టి నడిచేది వనశాఖ చిరుద్యోగులు, చుట్టుపక్కల గ్రామస్థులు.

మన కర్మాగారంలో హాట్ వర్క్ పర్మిట్ లేనిదే వెల్డింగు రవ్వ పడనివ్వము. పని ముగిశాక కూడా ఒక మనిషిని కాపలా ఉంచుతాము. ఆ శిక్షణ గేటు బయటకు రాగానే మరిచిపోదగినది కాదు. స్థలం నిర్వాహకులు మంట వేసి పెడతామన్నా సున్నితంగా వద్దనండి. వంటకు చిన్న గ్యాస్ స్టవ్వు, అదీ ఆకులు ఊడ్చిన గట్టినేలమీద, ప్రక్కన బకెట్టు నీటితో. ధూమపానం చేసేవారు ఆ రోజులకైనా విరమించాలి.

మంట లేని రాత్రి బోసిగా ఉంటుందని అనుకోకండి. టార్చి ఆర్పి పావుగంట కూర్చుంటే నక్షత్రాలు కనిపిస్తాయి. దూరాన చుక్కలదుప్పి హెచ్చరిక కూత వినిపిస్తుంది. పులి కనిపించినా కనిపించకపోయినా ఆ కూత విన్న పిల్లలు దానిని మరువరు.

రిజర్వేషను, వాహనం సర్వీసింగు, స్టెపినీ, మందులపెట్టె, నీటిడబ్బా – ఈ ఐదింటినీ బయలుదేరే ముందు మరొకసారి సరిచూసుకోండి. వెళ్లివచ్చిన మిత్రులు తమ అనుభవాలను మాకు వ్రాసి పంపితే రాబోయే సంచికలలో సంతోషంగా ప్రస్తావిస్తాము. శుభయాత్ర!