ముద్దయీ ఎవరు, ముద్దాయి ఎవరు?

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగులోకొచ్చి ముద్దాయి అయ్యేసరికి నేరం మోయాల్సినవాడైపోయాడు. రెండు భాషల్లో బతికే మాకు ఈ తేడా నిఘంటువు కంటే ముందు బజారులోనే తెలిసింది.

దావా వేసినవాడే సబూత్ తేవాలన్న సూత్రం కోసం మేం రస్సెల్ దాకా పోనక్కర్లేదు. రుజువు భారం ముద్దయీది, కాదన్నవాడికి ప్రమాణం చాలు అని ఫిఖా చదివే మదర్సా కుర్రాడికి కూడా తెలుసు. 1872 నాటి ఎవిడెన్స్ యాక్టు 101వ సెక్షన్ చెప్పిందీ దాదాపు ఇదే. 2024 జూలైలో ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా సెక్షన్ నంబరు మారిందే గాని సూత్రం మారలేదు. దేవుడి మీద చర్చకు కూర్చున్న నాస్తిక మిత్రులు మొదట బల్ల మీద పెట్టేదీ ఇదే సూత్రం. మౌల్వీ, జడ్జీ, నాస్తికుడూ ముగ్గురూ ఒప్పుకున్న మాట హైదరాబాద్ పాతబస్తీ గడప దగ్గరికొచ్చేసరికి ఎందుకు తలకిందులవుతోంది?

ముందు మా ఇంటి సంగతే చెప్పుకుంటాం. ఖురాన్‌లో సైన్సు ఉందని రుజువు చేసే పుస్తకాలకూ ప్రసంగాలకూ మా బస్తీల్లో గిరాకీ ఎక్కువ. 1976లో ఫ్రెంచి వైద్యుడు మోరిస్ బుకాయ్ రాసిన పుస్తకం దగ్గర్నించి డీదాత్, జాకిర్ నాయక్‌ల వీడియోల దాకా అదే వరస. పిండం ఎలా పెరుగుతుందో, విశ్వం ఎలా పుట్టిందో అన్నీ ముందే ఉన్నాయట. మరి శాస్త్రవేత్తలు కనిపెట్టాక గాని మనకెందుకు కనపడలేదు? రేపు ఆ శాస్త్రం తన మాట మార్చుకుంటే మన ఈమాన్‌ని కూడా మార్చుకుంటామా? ఈమాన్ అంటే గైబ్ మీద నమ్మకం. కంటికీ తూకానికీ అందనిదే గైబ్. దానికి ప్రయోగశాల నుంచి సర్టిఫికెట్ తెస్తానని బయల్దేరినవాడికి విశ్వాసం ఎక్కువై కాదు, తక్కువై. ‘ఖుదా లేడని నువ్వే రుజువు చెయ్’ అనే వాదమూ అంతే. ఆ లెక్కన లేరని రుజువు చెయ్యలేం గనక పక్కవాళ్ళ దేవుళ్ళందర్నీ మనం ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకు మన హజ్రత్‌లు సిద్ధంగా ఉన్నారా?

గుండెలో ఉన్నంతసేపు నమ్మకం ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఇంకొకరి మీద చెయ్యి వేసిన క్షణం నుంచీ అది దావా. 1991లో మా పాతబస్తీ నుంచి పదేళ్ళ పిల్లని అరవై ఏళ్ళ అరబ్బు షేకు పెళ్ళి పేరుతో తీసుకుపోతుంటే, విమానంలో ఆ పిల్ల ఏడుపు చూసి అడ్డుపడింది ఒక ఎయిర్ హోస్టెస్. అలాంటి నికాహ్‌లకు షరియత్ పేరు అడ్డం పెట్టినవాళ్ళే షరియత్‌లో అది ఎక్కడుందో చూపించాలి. ఆ పిల్ల ఏ సబూతూ ఇవ్వనక్కర్లేదు. ఒక్క ఊపిరిలో మూడు తలాఖ్‌లూ అంతే. అహ్లె హదీస్ వాళ్ళు వాటిని ఎప్పట్నించో ఒకటిగానే లెక్కేస్తుంటే మిగతా ఉలేమా నోరు మెదపలేదు. చివరికి 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఖురాన్‌కి విరుద్ధమైంది షరియత్ ఎలా అవుతుందని అడిగిన జడ్జి క్రైస్తవుడు. ఆ ప్రశ్న మన మసీదులోంచి వచ్చుంటే ఎంత బాగుండేది!

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్బులో తస్లీమా నస్రీన్ మీద పూలగుత్తులూ కుర్చీలూ విసిరారు, ఎమ్మెల్యేలే ముందుండి. ఆమె రాసింది తప్పయితే కలంతో చూపించాలి. కుర్చీ ఏ ఫిఖాలో సబూత్ అవుతుంది?

ఇంత చెప్పాక, సెక్యులర్ మిత్రులారా, ఇక మీ వంతు.

అదే ఏడాది మే 18, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు. చచ్చింది మేం, అనుమానమూ మా మీదే. పాతబస్తీ కుర్రాళ్ళని ఎత్తుకుపోయారు. కరెంటు షాకులతో సహా పెట్టిన హింస నిజమేనని రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ నియమించిన న్యాయవాదే నివేదిక ఇచ్చాడు. కోర్టుల్లో కేసులు నిలవలేదు. తర్వాత ప్రభుత్వం వాళ్ళకి నష్టపరిహారంతోపాటు మంచి నడవడి సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వునీ కొట్టేసింది. నిర్దోషి అని కోర్టు చెప్పినా చాలక, మంచివాడని ఇంకో కాగితం జేబులో పెట్టుకు తిరగాల్సిన మనిషి ఈ దేశంలో ఇంకెవరున్నారు?

ఆ పేలుడు కేసులోనే హిందూత్వ బృందానికి చెందిన అయిదుగురిని, రుజువుల్లేవంటూ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు వదిలేసింది. రుజువు లేకపోతే వదిలెయ్యాల్సిందే, ఆ సూత్రంతో మాకు పేచీ లేదు. మా కుర్రాళ్ళ చర్మం మీద కరెంటు పెట్టినప్పుడు ఆ సూత్రం ఎటుపోయిందన్నదే పేచీ.

2019 నవంబరు 9 నాటి అయోధ్య తీర్పు చూడండి. విశ్వాసాన్ని బట్టి హక్కు తేల్చకూడదని కోర్టే అన్నది. 1949లో విగ్రహాలు పెట్టడమూ, 1992లో మసీదు కూల్చడమూ చట్టవిరుద్ధమని కూడా అన్నది. అని, 1857కి ముందు లోపలి భాగం పూర్తిగా ముస్లింల స్వాధీనంలోనే ఉందనడానికి సాక్ష్యమేదీ అని అడిగింది. పదహారో శతాబ్దంలో కట్టిన మసీదులో నమాజు చేశారని రుజువు చేసుకోవాల్సింది మసీదు పోగొట్టుకున్నవాళ్ళే. మరుసటి ఫిబ్రవరిలో, పౌరసత్వ చట్టం మీద ఊరంతా ఉడికిపోతున్న రోజుల్లో, హైదరాబాదులో 127 మందికి ఆధార్ సంస్థ నోటీసులు పంపింది. అసలు కాగితాలతో బాలాపూర్ ఫంక్షన్ హాలుకొచ్చి పౌరులమని నిరూపించుకోమంది. ఆధార్‌కీ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆనక ఆ సంస్థే వివరణ ఇచ్చుకుంది. ఈలోపు ఎన్ని ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు బోర్లించారో, ఎన్ని రేషన్ కార్డులు వెతికారో ఎవరు లెక్కపెట్టారు?

ఇవన్నీ ప్రభుత్వం పనులు, మాకేం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది. ఎక్కడ బాంబు పేలినా ‘మీరు ఖండించారా?’ అని మమ్మల్ని అడిగేది హెడ్‌కానిస్టేబుల్ ఒక్కడే కాదు. సభల్లో హేతువాదం మాట్లాడే మిత్రులే టీ తాగుతూ అడుగుతారు. దేవుడి విషయంలో భారమంతా నమ్మేవాడిదన్న మీరు, దేశం విషయంలో అనుమానించేవాడి మీద ఏ భారమూ ఎందుకు పెట్టరు? గోరా కులాన్నీ దేవుణ్ణీ ఒకేసారి కాదన్నాడు. మీలో కొందరు దేవుణ్ణి కాదని అనుమానాన్ని మాత్రం పూజగదిలో ఉంచుకున్నారు.

ఖుదా ఉన్నాడా లేడా అన్న చర్చకు మేం ఎప్పుడైనా రెడీ. ఇది మఖ్దూం మొహియుద్దీన్ ఎర్రజెండా పట్టిన ఊరు. మాలో అయిదు పూటలా నమాజు చేసేవాళ్ళున్నారు, ఈద్‌కి మాత్రమే టోపీ వెతుక్కునేవాళ్ళున్నారు, అసలు నమ్మనివాళ్ళూ ఉన్నారు. అయితే అద్దె ఇంటికి పోయినప్పుడు ఓనరు మమ్మల్ని నమ్ముతావా నమ్మవా అని అడగడు. పేరు అడుగుతాడు. ఖుదా లేడని రాసుకున్న మా మిత్రుడికీ, తహజ్జుద్ తప్పని మా అమ్మీకీ ఒకటే జవాబు దొరుకుతుంది, ఇల్లు ఖాళీ లేదని. నాస్తిక సభకు మమ్మల్ని పిలిచే ముందు, మీ వీధిలో ఆ ఇంటి ఓనరుని కూడా కూర్చోబెట్టి సబూత్ అడగండి.